పెద్ద రంపం అమ్మకానికి లేదు

అమ్మకి,

నీ పెద్దకూతురు నమస్కారం పెట్టి రాస్తున్నది. ఇక్కడ నేను, మీ అల్లుడుగారు, షెడ్డులో చైన్ రంపాలు, అందరం క్షేమం. అక్కడ నువ్వు, తమ్ముడు, మరదలు, పిల్లలు కూడా అలాగే ఉన్నారనుకుంటాను. నీ ఉత్తరం అంది పన్నెండు రోజులైంది. ఆలస్యమైందని మొహం ముడుచుకోకు. రెండుసార్లు మొదలుపెట్టి చించేశాను. ఇది మూడోది. దీన్ని నేను చించను, చదివాక కావాలంటే నువ్వే చించుకుందువుగాని.

ముందు నువ్వడిగినవి. షెడ్డు రేకుకి పడ్డ చిల్లు మూసేశాం. మీ అల్లుడుగారి మోకాలు నయం. కుట్టు మిషను తొక్కడం మానేసి దానికి మోటారు బిగించుకున్నారు. ఇప్పుడు ఆయనా మెకానిక్కేనట, నాకు సలహాలిస్తున్నారు. చైన్ పళ్ళు ఇంకా ఆకురాయితోనే పదును పెడుతున్నావా అన్నావు. ఆకురాయితోనే. పంటికి నాలుగు తోపులు, ఎడమవైపు ఎన్నో కుడివైపూ అన్నే. అయిదోది పడితే వెనకనుంచి నీ మొట్టికాయ పడుతుందేమోనని ఇప్పటికీ మెడ ముడుచుకుంటాను. ఫోన్ ఎందుకు చెయ్యవని కూడా అడిగావు. దానికి జవాబు ఉంది, కిందికి వస్తాను.

ఇక పెద్ద రంపం సంగతి. నాలుగు పేజీల ఉత్తరంలో దాని గురించి ఆరుసార్లు అడిగి, చివర్లో "అమ్మితే అమ్మండి, నాకేం పట్టింపు లేదు" అని రాశావు. పట్టింపు లేని మనిషివి తాడు ఎన్నో లాగుడికి దాని ఇంజను అందుకుంటోందని ఎందుకడిగావమ్మా? అడవి పని మానేసినవాళ్ళ దగ్గర దాన్ని కొని, వీపున వేసుకుని ఇంటికి మోసుకొచ్చిన రోజు నాకు గుర్తుంది. స్కూటరు ఇంజనంత ఇంజను, చైన్ తిరిగే బార్ నా నడుం దాటేంత. ఊళ్ళో ఏ మెషీనూ కొయ్యలేని మాను వస్తే మనింటి తలుపు తట్టేవాళ్ళు. నిన్ను రంపాలమ్మ అన్నారు. నన్నింకా చిన్న రంపాలమ్మ అనే అంటున్నారు, యాభై దాటినా.

దాన్ని కొనడానికి ఆ పెద్దమనిషి వచ్చాడు. పాత మెషీన్లు కొని, తుడిచి, అద్దాల బీరువాలో పెట్టుకుని వచ్చినవాళ్ళకి చూపించుకుంటాడే, ఆయనే. వచ్చాడు, ఉత్త చేతులతో పోయాడు. పోతూ పోతూ తమ్ముడికి ఫోన్ చేసి, "మీ అక్క పిస్టన్ కాల్చేసుకుంది, పైగా అమ్మనని నామీదే ఎగిరింది" అన్నాడట. దాంతో తమ్ముడు నాకు మూడు పేజీలు దంచాడు. ఈ కాలంలో మెషీన్లు వాటికవే ట్యూన్ చేసుకుంటాయట, నువ్వింకా స్క్రూలు తిప్పుకుంటూ కూచుంటావా, షెడ్డు మూసెయ్యి, అని. ఈ ఉత్తరం వాడికి చదివి వినిపించు. వాడికి వినపడుతుంది, కానీ వినడు.

పిస్టన్ కాలిన మాట నిజమేనా, ఎవరివల్ల అని అడిగావు. నిజమే. తమ్ముడికి కల్తీ పెట్రోలువల్ల అని రాశాను. అది అబద్ధం.

జరిగింది ఇది. కలప అడితిలో నా రొమ్ము ఎత్తున దుంగ పడి ఉంది, కోసిపెట్టమన్నారు. ముందు షెడ్డు బయట పెద్దదాన్ని స్టార్ట్ చేసి కార్బురేటర్ సరిచేశాను. నీకు నేను చెప్పేదేముంది, పూర్తిగా రేజ్ చేస్తే గొంతులో కాస్త గరగర ఉండాలి, చెక్కలో దిగాక ఆ గరగర పోవాలి. గరగర అసలే లేకుండా కీచుమంటోందంటే పెట్రోలూ, దాంట్లో కలిపిన ఆయిలూ చాలక లోపల ఎండిపోతున్నట్టు. ఆ రోజు దాని గొంతు నాకు బొంగురుగా వినిపించింది. పెట్రోలు ఎక్కువ పోతోందనుకుని స్క్రూ కాస్త బిగించాను. ఇంకా బొంగురే. మరికాస్త బిగించాను. దుంగమీద పావుగంట బ్రహ్మాండంగా కోసింది, ఎప్పుడూ అంత జోరుగా కొయ్యలేదు. ఆ తరవాత మధ్యలో ఉన్నట్టుండి బలం పోయి ఆగిపోయింది. తాడు లాగితే కదల్లేదు. పిస్టన్ పట్టేసింది.

నేను తిన్నగా పెట్రోలు బంకుకి వెళ్ళి అక్కడి మనిషిమీద ఒంటికాలిమీద లేచాను. పదిమంది ముందు సీసా ఎత్తి చూపించి నీళ్ళు కలిపావన్నాను. "అమ్మా, ఊరంతా ఇదే పోయించుకుంటోంది, మీ ఒక్కరి బండే కాలిందా?" అన్నాడు పాపం. "నాది బండి కాదు, రంపం!" అని ఇంకో నాలుగు తగిలించి ఇంటికొచ్చాను.

ఇంట్లో మీ అల్లుడుగారు చొక్కాకి కాజాలు కుడుతున్నారు.

"పొద్దున దాన్ని అలా కీచుపెట్టించావేమిటే? కిటికీ అద్దాలు జివ్వుమన్నాయి. సూదిలో దారం ఎక్కించలేక చచ్చాను" అన్నారు.

"కీచేమిటండీ, బొంగురుగా ఉంటేనూ!"

"బొంగురా? వీధిలో కుక్కలన్నీ పారిపోయాయి. నువ్వు కావాలనే అలా పెట్టావనుకున్నాను."

ఆయన నవ్వారు, నేను నవ్వలేదు. బొంగురు మెషీన్ గొంతులో లేదమ్మా, నా చెవిలో ఉంది.

చెవుల డాక్టరు నన్ను చిన్న గదిలో కూచోబెట్టి, చెవులకి డబ్బాలు తగిలించి, చప్పుడు వినపడినప్పుడల్లా మీట నొక్కమన్నాడు. మీటమీద వేలు పెట్టుకుని బుద్ధిగా కూచున్నాను. కాసేపటికి విసుగొచ్చి "ఎప్పుడు మొదలుపెడతారండీ?" అని అడిగాను. అద్దం అవతల ఆయన మొహం చూశాక తెలిసింది, సగం అయిపోయిందని. కుడిచెవి దాదాపు పోయింది, ఎడమది సగం. పోయింది తిరిగి రాదు, ఉన్నది కాపాడుకో అన్నాడు. ఇన్నేళ్ళూ చెవులకి ఏమీ పెట్టుకోలేదా అన్నాడు. మా అమ్మ పెట్టుకోలేదన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మందులచీటీ రాశాడు. ఇదీ ఫోన్ సంగతి. నువ్వు చెప్పేది నాకు సగం అందదు, అందినట్టు "ఆ, ఆ" అనడం నాకు చాతకాదు.

ఇప్పుడు అసలు తప్పు ఒప్పుకుంటాను. ఆ బీరువా పెద్దమనిషిని పిలిచింది తమ్ముడని వాడిమీద కోప్పడ్డావట. వాడు కాదు. నేనే. డాక్టరు దగ్గర్నుంచి వచ్చిన మర్నాడు పొద్దున్నే కబురు పెట్టాను, వారం తరవాత వచ్చి తీసుకుపొండి అని. నీ మెషీన్ని నా చేత్తో కాల్చుకున్నాను. ఇక దాని ముందు నిలబడే మొహం లేదనిపించింది. షెడ్డులో తలుపేసుకుని ఏడ్చాను. తరవాత పౌరుషం పొడుచుకొచ్చింది. బీరువాలోకే పోనీ, పాడైన మెషీన్ మాత్రం మన షెడ్డు గడప దాటకూడదనుకున్నాను. కొత్త పిస్టనూ రింగులూ పోస్టులో పంపమని రాసి, విప్పడం మొదలుపెట్టాను.

సిలిండర్ గోడకి కరిగి అంటుకున్న అల్యూమినియాన్ని యాసిడ్ చుక్కలతో కొంచెం కొంచెంగా తీశాను, నువ్వు నేర్పినట్టే, గోరు జరిపితే ఎక్కడా తగలనంత వరకు. అది బాగుపడింది. ఆ ఊపులో కార్బురేటర్ ఉండే గూడు కూడా తోమాను. ఫిల్టరు మార్చినప్పుడల్లా అక్కడి గ్రీజు దిమ్మ చూస్తూనే ఉన్నాను, జిడ్డే కదా అని ఎప్పుడూ పట్టించుకోలేదు. పళ్ళు తోముకునే బ్రష్‌ని పెట్రోల్లో ముంచి రుద్దితే దిమ్మంతా ఊడివచ్చింది. కింద స్క్రూ పక్కన లోహంమీద రెండు గీతలు. ఒకటి ఎండాకాలానికి, ఒకటి చలికాలానికి, పక్కన చిన్న గుర్తులతో సహా. మన పట్టకార్లమీద నువ్వు గీసే గీతే, చివర కొక్కెంతో.

ఎంతసేపు అలా చూస్తూ నిలబడ్డానో తెలియదు. చెవితో కాక గీతలు చూసి ట్యూన్ చేసేవాళ్ళని నువ్వెంత ఎగతాళి చేసేదానివమ్మా! "గీతలు కావలసినవాడు బడికి పోవాలి, మెషీన్ దగ్గరికి కాదు" అనేదానివి. చెవులకి చప్పుడు ఆపే మఫ్‌లు తగిలించుకున్నవాణ్ణి చూస్తే "వీడికి జలుబు చేసినట్టుంది" అనేదానివి. నేనూ నీ వెనక నిలబడి ఇకిలించేదాన్ని. అప్పుడు గుర్తొచ్చింది, చివరి ఏళ్ళలో పెద్దదాన్ని సరిచేసేముందు మూత విప్పి, నన్నేదో వంకతో బయటికి తోసేదానివి. టీ పట్టుకురా, ఆకురాయి పట్టుకురా, గుడ్డపీలిక పట్టుకురా. నేను వచ్చేసరికి మూత బిగించి ఉండేది, మెషీన్ గొంతు సరిగ్గా ఉండేది. అమ్మ చెవి అమ్మ చెవే అని ఊరంతా చెప్పుకున్నాను.

భుజం నొప్పి అని మూడేళ్ళ కింద పని వదిలి తమ్ముడింటికి పోయావు. మనవలిద్దరినీ చెరో చంకనా ఎత్తుకున్న ఫోటో వాడే పంపాడు. భుజం నొప్పి మనిషి ఫోటోనా అది? ఫోన్ ఎత్తి "ఆ, ఆ, సరే, వదినతో మాట్లాడు" అని మరదలికి ఇచ్చేస్తావు. నాకు మరదలు అవుతుందని కూడా ఆ కంగార్లో మర్చిపోతావు. ఒక్క మాట, ఒకే ఒక్క మాట నోరు విప్పి చెప్పి ఉంటే నా చెవులు నాకు మిగిలేవి. ఇది రాయకూడదనుకున్నాను. రాశాను. ముందు చించిన రెండు ఉత్తరాల్లోనూ ఇదొక్కటే ఉంది, ఇంతకంటే ఘాటుగా.

కోపం మూడు రోజులుంది. తరవాత చూసుకుంటే నేనూ తక్కువ తినలేదు. బంకువాడిమీద పడ్డాను, తమ్ముడికి అబద్ధం రాశాను, ఎవరూ చూడకుండా మెషీన్ని ఊరు దాటించబోయాను. దాచడంలో అచ్చంగా నీ కూతుర్నే. అప్పుడే గట్టిగా అనుకున్నాను, దాచేది ఇక లేదని. సరిగ్గా అదే రోజు, నేను చెప్పిన తేదీకన్నా ముందే, ఆ పెద్దమనిషి ఊడిపడ్డాడు. విప్పి ఉన్న ఇంజను చూసి "నడవకపోయినా పరవాలేదమ్మా, బీరువాలోకే కదా" అన్నాడు.

"ఇది అమ్మకానికి లేదండీ."

"మీరే కదా పిలిచారు?"

"నేనే పిలిచాను, నేనే వద్దంటున్నాను. ఇది మా ఇంట్లో ఇద్దరి చెవులు తింది. దీనిచేత ఇంకా పని చేయించుకోవాలి నేను."

ఆయనకి ఏమీ అర్థం కాలేదు. నన్నో పిచ్చిదాన్ని చూసినట్టు చూసి బయటికి పోయి తమ్ముడికి ఫోన్ కలిపాడు. నేను బంకుకి వెళ్ళాను. అక్కడున్నవాళ్ళ ముందే, తప్పు పెట్రోలుది కాదు, నా చెవులు పోయాయి, క్షమించు అన్నాను. ఆ మాట నా నోటితో పైకి అనడం అదే మొదలు. అన్నాక భూమేమీ బద్దలవలేదు. అతను "అయ్యయ్యో" అని, తరవాత గొంతు చించుకుని "టీ తాగుతారా?" అని అరిచాడు. తాగాను.

పిస్టన్ వచ్చాక బిగించేటప్పుడు ఒక కష్టం వచ్చింది. పిస్టన్ పిన్నుకి అడ్డం పెట్టే తీగ లాకు చేతిలోంచి ఎగిరింది. ఇదివరకైతే టిక్కుమన్నచోటే వెతికేదాన్ని. ఈసారి ఎగరడం కనపడింది, పడడం వినపడలేదు. అయస్కాంతం పట్టుకుని అరగంట నేలంతా పాకాను. దొరికింది, కానీ నడుం పట్టేసింది. ఇప్పుడు లాకులు పెట్టేటప్పుడు ఇంజనుమీద దుప్పటి కప్పి లోపల చేతులు పెడుతున్నాను. నువ్వూ అలా చెయ్యి.

స్టార్ట్ చేసి, నీ చలికాలం గీత దగ్గర స్క్రూ ఆపాను. అరచేతికి తగిలే వణుకు చూశాను. ఒక చెక్క కోసి, ఆపేసి, ప్లగ్ విప్పి రంగు చూశాను, టీ రంగు. తెల్లగా ఉంటే కాలుతున్నట్టు, నల్లగా ఉంటే ఎక్కువ తాగుతున్నట్టు. ఆఖరున మీ అల్లుడుగారి చెవి అద్దెకు తీసుకున్నాను. గుమ్మంలో నిలబడి గరగర ఉంటే ఒక వేలు, కీచుమంటే రెండు వేళ్ళు ఎత్తమన్నాను. ఆయన ఒక వేలెత్తి, ఎంత గర్వపడ్డారో చెప్పలేను. అయిదో లాగుడికి అందుకుంది, అడిగావుగా. నా చెవులకి మఫ్‌లున్నాయి. జలుబు చేసిందనుకో.

తరవాత నాలుగు రోజులకి గాలికి బడి పక్కన ఉన్న పెద్దమాను కూలింది. ఒక పక్క బడి గోడమీద, ఇంకో పక్క రోడ్డు గట్టుమీద, మధ్యలో కాలవ. రోడ్డు పనుల మేస్త్రి తన మనుషులతో, కొత్త మెషీన్లతో వచ్చాడు. మన మెషీన్లని పాత ఇనపసామాన్లవాడికి వెయ్యాలని ఊరంతా చెప్పే మేస్త్రే. ఆ కొత్తవి కొమ్మలకి మంచివే, నేను కాదనను. మానుకి వాటి బార్ సగం కూడా చాలలేదు. పైనుంచి లోతుగా కోసేసరికి మాను మూసుకుని ఒక రంపాన్ని పట్టేసింది. అప్పుడు మనింటికి మనిషి వచ్చాడు.

పెద్దదాన్ని దించగానే నేను అందరికీ వినపడేలా చెప్పాను. "నాకు చెవులు వినపడవు. నన్ను ఎవరూ పిలవకండి, అరవకండి. నా ఎదురుగా ఒకరు నిలబడి చెయ్యి చూపించండి చాలు."

మేస్త్రి మొహం మాడిపోయింది. "అదేంటమ్మా! బ్రేకు లేని మెషీన్, వినపడని మనిషి. రేపేదైనా అయితే నా ఉద్యోగం పోతుంది."

"మీ మనుషుల చెవులకి అవేంటి?"

"మఫ్‌లు."

"మెషీన్ నడుస్తుంటే అవి పెట్టుకున్నవాళ్ళకి ఏం వినపడుతుంది?"

ఆయన తనవాళ్ళవైపు తిరిగి "ఒరేయ్, ఏం వినపడుతుందిరా?" అని అడిగాడు. మఫ్‌లు తియ్యకుండానే ఒకడు "ఏంటండీ?" అన్నాడు. అందరూ పకపకా నవ్వారు. మీ అల్లుడుగారు సంచిలోంచి ఎర్రగుడ్డ ముక్క తీసి మేస్త్రి చేతికిచ్చారు, ఎత్తితే ఆపమని అర్థం.

ముందు పైనుంచి మూడోవంతు కోసి, కోత మూసుకోకుండా చెక్కముక్కలు దిగ్గొట్టాను, తరవాత కిందినుంచి మొదలుపెట్టాను. పొట్టు నా మోకాళ్ళదాకా పేరుకుంది. నా కళ్ళు బార్ ముక్కుమీదా ఎర్రగుడ్డమీదా తప్ప ఇంకెక్కడా లేవు. ఇంకో జానెడు ఉందనగా గుడ్డ లేచింది. బార్ లాగి రెండడుగులు వెనక్కి వేశాను. మాను విరిగి, నేను నిలబడ్డచోటే పడింది. తరవాత చెప్పారు, ముందు గోడవైపు పటపటమందట, అందరూ అలవాటుకొద్దీ అరిచారట. నాకు వినపడలేదు. మఫ్‌లు పెట్టుకుని గోడ పక్కనే నిలబడ్డ వాళ్ళ మనిషికీ వినపడలేదు. అతన్ని కూడా ఆ గుడ్డే కదిలించింది. నాకు భయం వెయ్యలేదనను. అయినా మిగతా మానంతా నేనే కోసి మధ్యాహ్నానికి రోడ్డు తెరిపించాను. మర్నాడు మేస్త్రి వచ్చి తన మనుషులందరికీ సరిపడా ఎర్రగుడ్డలు కుట్టమని మీ అల్లుడుగారికి పని అప్పజెప్పాడు.

దాంతోపాటు వాళ్ళ గోదాములో ఏళ్ళతరబడి మూలపడి ఉన్న రెండు పాత పెద్ద రంపాలు తెచ్చి మన షెడ్డులో పడేశాడు, బాగుచేసిపెట్టమని. ఒకటి విప్పి నా బల్లమీద పెట్టుకున్నాను. రెండోది విప్పలేదు. అది నీది. నీ కళ్ళు బాగున్నాయి, చేతులు బాగున్నాయి, భుజం సంగతి ఫోటోలో చూశాను.

నిన్న షెడ్డు తలుపుమీద బోర్డు రాయించాను. "ఇక్కడ పనిచేసే ఇద్దరికీ చెవులు వినపడవు. ఎదురుగా నిలబడి మాట్లాడండి" అని. మీ అల్లుడుగారు అది చదివి "ఇద్దరెవరే? నాకు బాగానే వినపడుతుందిగా" అన్నారు. ఎవరో చెప్పాను. ఆయన వెళ్ళి నీ బల్ల తుడిచారు.

తమ్ముణ్ణి అడగకు. వెళ్తున్నానని చెప్పి బయల్దేరు.

ఇట్లు,
బోర్డుమీద నీ సంగతి నిన్నడక్కుండానే ఊరికి చెప్పేసిన
నీ పెద్దకూతురు